అక్క శ్రుతి, నా బటన్

ఇంట్లో పాట రికార్డు చెయ్యాలంటే సంగీతం తర్వాతి సంగతి, ముందు ఫ్యాను ఆపాలి. తర్వాత ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కుక్కర్ ఇంకా ఎన్ని కూతలు వెయ్యదలుచుకుందో మర్యాదగా కనుక్కోవాలి. బూర్గంపాడులో మా ఇల్లు రోడ్డుకి మరీ దగ్గర. ఇసుక లారీ ఒకటి పోయాక ఇంకోటి వచ్చేలోపు కొంచెం సందు దొరుకుతుంది. ఆ సందులో పల్లవి పడుతుంది. చరణం పట్టదు. కాబట్టి నేను రికార్డు చేసిన పాటలన్నిట్లోనూ చరణాలకి లారీల సహకారం ఉంది.

ఇదంతా ఎందుకంటే మా గ్రూపు పెట్టుకున్న ఛాలెంజ్ కోసం. మేం ఎనిమిది మందిమి. డిగ్రీ చదివే రోజుల్లో ఖమ్మంలో పెళ్ళిళ్ళకి ఆర్కెస్ట్రా నడిపాం. ఆర్కెస్ట్రా అన్నది మేం పెట్టుకున్న మాట. పెళ్ళివాళ్ళు వేరే మాటలు అనేవాళ్ళు. తర్వాత ఎవరి బతుకుల్లో వాళ్ళం పడ్డాం గానీ, ఫోన్లో గ్రూపు మాత్రం మిగిలింది. అందులో ఎవరికీ పేర్లుండవు, వాయిద్యాలే ఉంటాయి. తబలాకి ఖమ్మంలో బట్టల కొట్టు, వాళ్ళ తాతగారి నాటి నుంచి ఉన్నది. గిటార్‌ది మధిర రైల్వే స్టేషన్లో ఉద్యోగం. ప్యాడ్స్ ముదిగొండలో మిర్చి వేస్తాడు. నేను కీబోర్డు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, ఆ సంగతి గ్రూపులో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఛాలెంజ్ పద్ధతి సులువు. సోమవారం పొద్దున కొట్టు తెరవగానే తబలా ఒక టీ గ్లాసులో పాటల చీటీలు వేసి, కుదిపి, ఒకటి తీస్తాడు. ఆదివారం సాయంత్రం ఆరింటిలోపు ఆ పాటని ఎవరింట్లో వాళ్ళు పాడో వాయించో పంపాలి. ఒక్క బిగిన పాడాలి. ముక్కలు అతికించకూడదు. గొంతుని యాప్‌లో వేసి సవరించకూడదు. గెలుపూ ఓటమీ లేవు. పంపనివాడి డీపీని మాత్రం వారంపాటు గ్రూపు నిర్ణయిస్తుంది. ఒకసారి నా డీపీగా ఏడు రోజులు ఎవరిదో మరుగుదొడ్డి ప్రారంభోత్సవం ఉంది. మా ప్రిన్సిపాల్ ఏమిటని అడిగారు. సామాజిక సేవ సార్ అన్నాను. ఆయన మెచ్చుకున్నారు కూడా.

ఇక్కడ నా వాయింపు గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. మా వైపు చర్చీల్లో కీబోర్డు నేర్చుకున్న చాలామందికి అసలు గురువు ట్రాన్స్‌పోజ్ బటన్. దాన్ని ఒకసారి నొక్కితే కీబోర్డు శ్రుతి మొత్తం ఒక మెట్టు పైకో కిందికో జరుగుతుంది. వేళ్ళు జరగక్కర్లేదు. పాడేవాళ్ళు ఏ శ్రుతి అడిగినా నేను అవే తెల్లమెట్ల మీద, అదే చోట వాయిస్తాను. ఎంత జరిపానో చిన్న అద్దంలో అంకె కనిపిస్తుంది. అసలు శ్రుతి సున్నా. పైకి జరిపితే ఒకటి, రెండు. కిందికి జరిపితే ముందు మైనస్. ఇరవై ఏళ్ళుగా నల్లమెట్లని నేను ఎక్కువగా దుమ్ము తుడవడానికే తాకుతున్నాను. క్లాసులో బోర్డు మీద పౌనఃపున్యం అని రాసి దాని కింద రెండు గీతలు గీసే మనిషి ఇంటికొచ్చి చేసేది ఇది.

పోయిన జూలైలో ఒక సోమవారం, టీ గ్లాసులోంచి ఒక పాత సినిమా పాట వచ్చింది. గుమ్మంలో నిలబడి ఎవరికోసమో ఎదురుచూసే అమ్మాయి పాట. పెళ్ళిపందిట్లో పాడదగింది కాదు. అయినా మా ఆర్కెస్ట్రాని పిలిచిన ప్రతి పెళ్ళిలోనూ అది అడిగి మరీ పాడించుకునేవాళ్ళు, ఎందుకంటే దాన్ని మా అక్క పాడేది. చరణంలో మూడో లైను పైకి ఎక్కుతుంది. ఎక్కడమే కాదు, అక్కడ కాసేపు నిలబడాలి. అక్క నిలబడేది. అప్పుడు భోజనాల దగ్గర వడ్డించేవాళ్ళు కూడా బకెట్ దించి వినేవాళ్ళు. మా మిగతా పాటలకి ఆ ఇబ్బంది ఉండేది కాదు.

చీటీ తీసిన వీడియో కింద చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. చివరికి తబలా వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మామా, కావాలని తియ్యలే. చీటీ గట్ల వచ్చింది. నువ్వు ఒట్టి మ్యూజిక్ వాయించి పంపినా సరే."

అంతమంది ఊరుకోవడానికి కారణం ఉంది. రెండేళ్ళ కింద అక్కకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గొంతు కొంతకాలం మారవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. కొంతకాలం అంటే ఎంతో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. మాట బాగానే వచ్చింది. పాట రాలేదు. అక్క భద్రాచలంలో స్టాఫ్ నర్సు, మా పక్క పోర్షన్‌లోనే ఉంటుంది. అంతకుముందు మా చర్చి క్వాయర్‌లో ఆడవాళ్ళ వరసకి ముందు గొంతు ఆమెదే. ఇప్పుడు కిందికొచ్చి మూడో బెంచీలో కూర్చుని, పాటలప్పుడు నోరు మాత్రం కదుపుతుంది. క్వాయర్ మాస్టారు పట్టువదలని మనిషి. రెండేళ్ళుగా ఆమె చోటు ఇంకొకరికి ఇవ్వలేదు. ప్రతి ఆదివారం ఆ మైకు స్టాండు ఒక్కటే నిలబడి ఆరాధనలో పాల్గొంటోంది. ఈ మధ్యనే ఆయన కూడా, నెలాఖరులోగా వస్తావో రావో చెప్పమ్మా అన్నారట.

నేను వెళ్ళేసరికి అక్క వరండాలో తాడు మీద యూనిఫాం ఆరేస్తోంది. వాన పడుతూనే ఉంది. ఆరుతుందన్న నమ్మకం ఆమె ముఖంలో లేదు.

"అక్కా, ఈ వారం మన పాట పడ్డది."

"మనదేంది? నాది. నువ్వు ఎనక కూసొని టింగు టింగుమనిపించెటోనివి."

"అందుకే అడుగుతున్న. పాడతవా?"

"నా గొంతు ఇప్పుడు వార్డుల పేషెంట్లని కేకేసెతందుకు మంచిగ పనికొస్తుంది. దాన్నెందుకురా సతాయిస్తవ్?"

మా ఆవిడ కిటికీలోంచి అందుకుంది. "పాడండి వదినా. ఈయన ఒక్కడే పాడి పంపితే మళ్ళ డీపీ మారుస్తరు. మా స్కూలు స్టాఫ్ రూములో నేను జవాబు చెప్పుకోలేకపోతున్న."

అక్క నవ్వింది. చేతిలో క్లిప్పుని యూనిఫాం అంచుకి పెట్టింది.

"పాడత. గని సున్నాలనే పెట్టాలె. ఒక్క మెట్టు తగ్గించినా నేను పాడ. ఎట్లయినా మాస్టారుకి ఈ నెలల చెప్పాలె. పాత శ్రుతిల పాడగలిగితే పోయి నిలబడత. లేదంటే ఆ స్టాండు ఎవరికన్నా ఇచ్చెయ్యమంట. గిట్ల సగం సగం నాతోని కాదు."

ఆ పాట అసలు శ్రుతి నా తెల్లమెట్ల శ్రుతే. బటన్‌తో పని లేని పాట. అందుకే ఆమె సున్నా అన్నది.

గురువారానికి గోదావరి బాగా పెరిగింది. కాలేజీకి సెలవులిచ్చారు. ఇసుక లారీలు ఆగిపోయాయి. రికార్డింగుకి ఇంతకన్నా అనువైన వరద ఉండదని నేననుకున్నాను, బయటికి అనలేదు. కిటికీకి పరుపు నిలబెట్టాను. తలుపు మీద రెండు దుప్పట్లు వేలాడదీశాను. ఫోనుని బియ్యం డబ్బా మీద ఆనించాను. ఫ్యాను ఆపాక గది ఇడ్లీ పాత్రలా తయారైంది. అక్క డ్యూటీకి పోయేముందు వచ్చి, కొంగుతో మెడ తుడుచుకుని, కానీ అన్నట్టు తలూపింది.

పల్లవి బాగానే నడిచింది. చరణం మొదటి రెండు లైన్లూ నడిచాయి. మూడో లైను దగ్గర గొంతు చీలుతుందేమోనని భయపడ్డాను. చీలలేదు. కనిపించకుండా పోయింది. నోరు తెరిచే ఉంది, గాలి వస్తోంది, స్వరం లేదు. రెండు క్షణాల తర్వాత కింద ఎక్కడో మళ్ళీ దొరికింది.

"ఇంకోసారి" అన్నది అక్క.

ఇంకోసారి మొదలుపెట్టాం. ఈసారి రెండో లైను దాకా ఎంత బాగా వచ్చిందంటే, నేను మెట్ల మీంచి తలెత్తకుండా వాయించాను. సరిగ్గా అప్పుడే వీధిలోకి పంచాయతీ ఆటో వచ్చి, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలని మైకులో చెప్పింది. మూడోసారి ఆటో లేదు. గొంతూ లేదు. అక్క వాచీ చూసుకుని స్కూటీ తీసింది.

నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. ఊళ్ళో అందరిలాగే గొడుగేసుకుని నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూడ్డానికి వెళ్ళాను. చూసి వచ్చాను. పావుగంట ఆగి మళ్ళీ వెళ్ళాను. ఈ పావుగంటలో గోదావరి ఏం చేసి ఉంటుందని మా ఆవిడ అడిగింది. శుక్రవారం రెండుసార్లు ప్రయత్నించాం. ఒకసారి మూడో లైను దాకా పోయి ఆగిపోయింది, ఇంకోసారి అక్కడిదాకా కూడా పోలేదు. టీ తాగేటప్పుడు అక్క జోకులు వెయ్యలేదు. మా ఇంట్లో జోకులు వెయ్యకపోవడం అంటే వేరే ఇళ్ళలో గిన్నెలు విసరడం లాంటిది.

"రేపు ఒక్కసారి పాడత. కాకపోతే రేపే మాస్టారుకి ఫోన్ చేస్త" అన్నది.

శనివారం పొద్దున అక్క రాకముందు నేను బటన్ నొక్కాను.

మొదట ఒక్కసారే నొక్కుదామనుకున్నాను. ఒకటి తగ్గిస్తే ఏం చాలుతుందిలే అని రెండు. ఆమె గొంతు ఎక్కడ మాయమవుతోందో రెండు రోజులుగా విన్నవాణ్ణి కాబట్టి మూడు. మూడో లైను గీసుకోకుండా పోవాలని, భద్రత కోసం నాలుగు. నాలుగు మెట్లంటే పౌనఃపున్యంలో దాదాపు అయిదో వంతు తగ్గినట్టు. క్లాసులో ఎవరూ అడగని లెక్క. ఆమె ముందు కూర్చుని బటన్లు నొక్కితే దొరికిపోతానని, కీబోర్డు ఆన్ చెయ్యగానే అదే శ్రుతి వచ్చేలా మెమరీలో పెట్టాను. మైనస్ నాలుగు అని చూపిస్తున్న అద్దం మీద ఒక తువ్వాలు మడిచి వేశాను. వేళ్ళు ఎలాగూ పాత చోటే ఉంటాయి. ఆమె నా వేళ్ళు చూస్తే సున్నాయే అనుకుంటుంది.

మా ఆవిడ గదిలోకి తొంగిచూసింది. "కీబోర్డుకి సలి పెడుతుందా?"

"దుమ్ము పడతదని."

"ఇంత వానల దుమ్ము?" అని ఆగి, తువ్వాలు కొస ఎత్తి చూసి, మళ్ళీ కప్పింది. "వదినకి తెలిస్తే నేను మీ పక్కన నిలబడను. ఇప్పుడే చెప్తున్న."

అక్క వచ్చింది. కూర్చోలేదు. నిలబడే అడిగింది. "సున్నానే కద?"

"అవ్" అన్నాను.

ఇంత పొట్టి అబద్ధం నా జీవితంలో ఇంకోటి లేదు.

పాడింది. నేను ఆ పాటని లెక్కలేనన్ని పెళ్ళిళ్ళలో వాయించాను గానీ అలా ఎప్పుడూ వినలేదు. పాత గొంతులో ఒక మెరుపు ఉండేది. ఇందులో అది లేదు. ఇది సాయంత్రంపూట ఇంట్లో దీపం వెయ్యకముందు ఉండే వెలుతురులా ఉంది. మూడో లైను వచ్చింది. ఎక్కింది. నిలబడింది. ఆఖరి మాట అయిపోయాక మేం ముగ్గురం కదల్లేదు. కదిలితే రికార్డవుతుందని కాదు.

ఫోన్లో మళ్ళీ పెట్టి వింటున్నంతసేపూ అక్క చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అది కాగానే, నేను ఇంకో మాట అనేలోపు, తన ఫోను తీసి మాస్టారుకి కలిపింది.

"మాస్టారూ, గొంతొచ్చింది. అవ్, పాత శ్రుతిలనే. రేపు కాదు, వచ్చే ఆదివారం నిలబడత."

ఇంత జల్దీ చేస్తుందని నేననుకోలేదు. పాట పంపేస్తాం, అందరూ బాగుందంటారు, ఆమెకి కాస్త ధైర్యం వస్తుంది, తర్వాత మెల్లగా ఎప్పుడో నిజం చెప్పొచ్చు. నా పథకంలో ఇంతవరకే ఉంది. ఇప్పుడు ముందున్నదేమిటో లెక్క వేసుకున్నాను. చర్చిలో వాయించేదీ నేనే. కాబట్టి రిటైరయ్యేదాకా ప్రతి ఆదివారం ఆ అద్దం మీద తువ్వాలు కప్పుతూ, సంఘం మొత్తాన్ని నాలుగు మెట్లు కింద పాడిస్తూ బతకాలి. అక్క ఆ మధ్యాహ్నం చేపల పులుసు పెట్టింది. వంటింట్లో కూనిరాగం తీసింది. రెండేళ్ళ తర్వాత. నేను రెండుసార్లు అన్నం కలిపాను, రెండుసార్లూ పులుసు పోసుకోవడం మర్చిపోయాను. మా ఆవిడ నా కంచం చూసి పులుసు గిన్నె నా వైపు జరిపింది.

ఆదివారం పొద్దున ఎప్పటిలాగే కీబోర్డుని చర్చికి తీసుకెళ్ళాను. స్టాండు మీద పెట్టాను. ఆన్ చేశాను. నిన్నటి తువ్వాలు ఇంకా దాని మీదే ఉంది. మొదటి పాట అందరికీ చిన్నప్పట్నుంచి వచ్చినది, నా తెల్లమెట్ల శ్రుతిలోనే ఎప్పుడూ పాడేది, బటన్‌తో పని లేనిది. వేళ్ళు వాటి చోట్లో అవి పడ్డాయి. మెమరీ సంగతి నాకు గుర్తే లేదు.

సంఘం పాట అందుకుంది. అందుకోవడానికి వంగాల్సి వచ్చింది. మొదటి లైను సగంలోనే అందరూ ఎక్కడికో దిగిపోతున్నట్టు వినపడింది. మగవాళ్ళ వైపు పెద్దలు గొంతులో గులకరాళ్ళు పోసుకున్నట్టు గురగురమంటున్నారు. ఆడవాళ్ళ వైపు గొంతులు ఒక్కొక్కటే రాలిపోయాయి. క్వాయర్ అమ్మాయిలు గడ్డం మెడకి ఆనించి కింది స్వరాల కోసం వెతుకుతున్నారు. వానకి అందరికీ పడిశం పట్టిందేమో అని నేను నిజంగానే అనుకున్నాను. ఫిజిక్స్ చదివినవాడికి కారణాలు దొరకడం కష్టం కాదు.

అంత గురగురలో ఒక్క గొంతు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా, నిండుగా నడుస్తోంది. మూడో బెంచీలోంచి. అక్క తనకి తెలియకుండానే పాడుతోంది. పక్క బెంచీవాళ్ళు తిరిగి చూశారు. మాస్టారు చూశారు. అక్కే చివరికి చూసింది. ముందు చుట్టూ చూసింది, అందరూ ఎందుకు పాడలేకపోతున్నారో అర్థం కానట్టు. తర్వాత కీబోర్డు వైపు చూసింది.

అప్పుడు నాకు వెలిగింది. మొదటి చరణం అయిపోయింది. రెండో చరణానికి ముందు ఒక ఊపిరంత విరామం ఉంటుంది. ఆ విరామంలో నేను తువ్వాలు ఎత్తి బటన్ నొక్కాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. తల ఎత్తకుండా వాయించడం మొదలుపెట్టాను. సంఘం మొత్తం బావిలోంచి బయటికి వచ్చినట్టు ఒక్కసారి గొంతు విప్పింది. ఆడవాళ్ళ వైపు పాట తెరిచిన కిటికీలా అయింది. మూడో బెంచీలో ఒక గొంతు ఒక లైను దాకా వెంట వచ్చి, అక్కడ ఆగిపోయింది.

ఆరాధన అయ్యాక అక్క నా కోసం ఆగలేదు. వానలోనే స్కూటీ వేసుకుని వెళ్ళిపోయింది. నేను ఇంటికొచ్చి కీబోర్డు దించేసరికి మా గదిలో, పరుపు ఆనించిన కిటికీ పక్కన, కుర్చీలో కూర్చుని ఉంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడింది. చెప్పినట్టే నా పక్కన లేదు.

"నాలుగుసార్లు నొక్కినవ్. లెక్కపెట్టిన" అన్నది అక్క.

"అవ్."

"నిన్న కూడ నాలుగేనా?"

"నాలుగే."

"నేను అడిగితే సున్నా అన్నవ్."

నువ్వు సంతోషంగా ఉంటావని అన్నాను. నిజమే గానీ, ఆ గదిలో చాలా చవకగా వినపడింది.

"మా వార్డుల ముసలాయన ఉన్నడు. రోజు అడుగుతడు, బీపీ ఎంతుంది బిడ్డా అని. తక్కువ చేసి చెప్తే ఆయనకి మస్తు సంతోషం. ఇంటికి పోయి ఉప్పు చేప తింటడు. నేనెందుకు చెప్పనో తెలుసా? నాకు సంతోషం ఇష్టం లేక కాదు." తడిసిన కొంగు పిండుకుంది. "ఇప్పుడు మాస్టారుకి ఏం చెప్పాలె? గొంతొచ్చిందని ఫోన్ చేసి మరీ చెప్పిన. మా వార్డుల సిస్టర్లకి చెప్పిన."

నేను ఫోను తీసి, గ్రూపుకి ఇంకా పంపలేదు, పాట తుడిచేస్తానన్నాను. మరుగుదొడ్డి డీపీకి సిద్ధంగా ఉన్నానని కూడా అన్నాను. ఆమె నవ్వలేదు. కుర్చీ కీబోర్డు దగ్గరికి జరుపుకుంది.

"ప్లగ్గు పెట్టు. తువ్వాల తీసెయ్. సున్నా."

సున్నాలో వాయించాను. మూడో లైను ఒక్కటే పాడింది. గొంతు మాయమైంది. చెయ్యి చాపి బటన్ తనే ఒకసారి నొక్కింది. మైనస్ ఒకటి. మాయమైంది. ఇంకోసారి నొక్కింది. మైనస్ రెండు. వచ్చింది గానీ కాళ్ళు వణికే మనిషిలా వచ్చి, చివర్లో కూలబడింది. నీళ్ళు తాగింది. మళ్ళీ రెండులోనే పాడింది. మళ్ళీ కూలబడింది. థర్మామీటర్ చూసినట్టు ఆ అద్దాన్ని చూస్తోంది, కోపం కూడా మర్చిపోయి. మూడోసారి నొక్కింది.

మైనస్ మూడులో ఎక్కింది. నిలబడింది. నేను వేళ్ళు తీశాను, అయినా నిలబడే ఉంది. ఊపిరి అయిపోయేదాకా పట్టి, తనే వదిలింది.

"ఇంకోసారి" అన్నది. మళ్ళీ నిలబడింది.

"మూడు" అన్నది. "నువ్వు నాలుగు చేసినవ్."

"కొంచెం భద్రంగ ఉంటదని..."

"అంటే నేను ఉన్నకాడికన్నా ఒక మెట్టు కిందనే ఉన్న అనుకున్నవ్."

దీనికి నా దగ్గర జోకు లేదు. ఇప్పటికీ లేదు. మూడు రోజులు ఆమె పక్కన కూర్చుని విన్నవాణ్ణి, ఆమె గొంతుని ఆమె పోగొట్టుకున్నదానికన్నా ఎక్కువ నేనే పోగొట్టాను.

రికార్డింగు మొదలయ్యేసరికి అయిదు దాటింది. దుప్పట్లు మళ్ళీ వేలాడదీసే ఓపిక ఎవరికీ లేదు. ఫ్యాను ఆపుదామంటే అక్క వద్దన్నది, చెమటతో నిన్న పాడింది చాలన్నది. పాట మధ్యలో ఎవరో బైకు హారన్ కొట్టారు. మూడో లైను హారన్‌ని దాటుకుని పోయింది. శనివారంనాటి పాట అంత మెత్తగా లేదు ఇది. పైకి ఎక్కుతున్నప్పుడు శ్రమ వినపడుతుంది. అక్క విని, "ఇదే పంపు. నిన్నటిది తియ్యి" అన్నది. నేను తుడుస్తుంటే నా బొటనవేలు చూస్తూనే ఉంది. ఆ వేలు మీద నమ్మకం పోయింది ఆ పొద్దుటే కదా.

ఆరింటికి పది నిమిషాలు ముందు పాట గ్రూపులో పడింది. గిటార్ అందరికన్నా ముందు విన్నాడు. ఎవరు పాట పంపినా దాని మీద తన గిటార్ కలిపి మళ్ళీ పంపడం అతనికి జబ్బు. "మామా, ఏ స్కేల్ల ఉంది? పాత స్కేల్ల పెడితే నా గిటార్ కలుస్తలేదు. ఏంది, తగ్గించిండ్రా?"

అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"తమ్ముడూ, నేను అక్కను. మూడు మెట్లు తగ్గించినం. నా గొంతు ఇప్పుడు ఆడ ఉంటుంది. నీ గిటార్నే దిగి రమ్మను."

పదినిమిషాల తర్వాత తబలా ఆమె పాట మీద తన వాయింపు కలిపి పంపాడు. మూడో లైను దగ్గర మాత్రం చేతులు ఎత్తేశాడు. అక్కడ ఒట్టి గొంతే వినపడుతుంది.

అసలు ఫోను ఇంకా మిగిలి ఉంది. అక్క వరండాలో అటూ ఇటూ నడిచింది. నాలుగు అడుగుల వరండా అది, ప్రతి నాలుగు అడుగులకీ తిరగాలి. చివరికి కలిపి, స్పీకర్‌లో పెట్టింది. నేను కూడా వినాలని కాబోలు.

"మాస్టారూ, నిన్న చెప్పింది తప్పు. గొంతు మొత్తం రాలే. మూడు మెట్లు కింద మంచిగుంటది. పైన నాతోని కాదు."

అవతల వాన చప్పుడు వినిపించింది. అది ఆయన ఇంటి వానో మాదో తెలియలేదు.

"మూడు తగ్గిస్తే మన పిల్లలకి అందదమ్మా" అన్నారు ఆయన. "పొద్దున చూస్తివి గద."

"చూసిన. నా కోసం అందర్నీ దింపొద్దు. ఆ స్టాండు ఇంకెవరికన్నా ఇయ్యండి."

"ఇస్త. ఇచ్చి ఊరుకోమంటవా?" మాస్టారు గొంతు సవరించుకున్నారు. "రెండో వరసల కింది గొంతు పాడెటోళ్ళు నాకు ఇద్దరే ఉన్నరు. అందుల ఒకామె ఎప్పుడు చూసినా ఊళ్ళ ఉండదు. పొద్దున మొదటి చరణంల నీ గొంతు విన్న. అంత కింద అంత నిండుగ పాడెటోళ్ళు నాకు లేరు. వస్తవా?"

క్వాయర్‌లో రెండో వరస అంటే అసలు రాగం పాడదు. రాగానికి కింద ఇంకో దారిలో నడుస్తూ ఉంటుంది. బాగుంటే ఎవరికీ తెలియదు, తప్పితేనే అందరికీ తెలుస్తుంది. ఇన్నేళ్ళూ అక్క ఆ వరసకి వీపు చూపించి నిలబడింది.

"అది నాకు రాదు మాస్టారూ. ఒక్క పాట గూడ రాదు."

"నేర్చుకుంటవు. నేను పాడత, విను."

ఆయన ఫోన్లోనే అందుకున్నారు. పొద్దున మేం పాడిన పాటే, రెండో వరసది. వింటే ఆ పాటని ఎవరో మర్చిపోయి పాడుతున్నట్టు ఉంది. అక్క కళ్ళు మూసుకుని వెంట పాడింది. రెండు లైన్లు నడిచింది. మూడో లైనులో గొంతు తనంతట తానే చిన్నప్పటి రాగంలోకి పోయింది, అక్కడ అందక ఆగింది.

ఆమె జీవితంలో ఒక పాట తప్పు పాడగా నేను వినడం అదే మొదటిసారి. నావైపు చూసింది. సాయం చేద్దామంటే ఆ వరస నాకూ రాదు, దానికి బటన్ కూడా లేదు.

"మళ్ళ పాడండి మాస్టారూ" అన్నది.